చేపు సూది – చిక్కే సూది

(మన సంఘం చాదర్‌ఘాట్ శాఖ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెప్టైడ్ అనే మాట ఈమధ్య పేపర్లలో తరచు కనిపిస్తున్నది. అదేదో అమెరికా నుంచి దిగిన కొత్త వింత అనుకుంటున్నారు మనవాళ్లు. ఈ హాల్లో కూర్చున్నవారిలో ఎంతోమంది ఈ ఉదయం టిఫినుకు ముందు ఒక పెప్టైడును పొట్టకు పొడుచుకునే వచ్చారు. ఇన్సులిన్ కూడా పెప్టైడే. మన ఒంట్లో మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న పూసలతో తయారవుతాయి. ఆ పూసలు కొన్నింటిని గుచ్చితే వచ్చే చిన్న దండ పెప్టైడ్. దండ బాగా పొడుగైతే ప్రోటీను. ఇన్సులిన్‌లో 51 పూసలుంటాయి. కాన్పు సమయంలో ఇచ్చే ఆక్సిటోసిన్‌లో 9 మాత్రమే. బరువు తగ్గడానికి ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న సెమాగ్లూటైడ్‌లో 31.

వీటితో వచ్చే చిక్కు ఏమిటంటే, నోట్లో వేసుకుంటే పప్పును అరిగించినట్టే పొట్ట వీటినీ అరిగించేస్తుంది. అందుకే సూదిమందుగా ఇస్తారు. (సెమాగ్లూటైడును ఇంకో పదార్థం తోడుచేసి మాత్రగా కూడా తెచ్చారు, అది వేరే సంగతి.) ఇంకో చిక్కు, ఇవి వేడికి ఓర్వవు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మే నెలలో ఆటో డిక్కీలో మూడు గంటలు తిరిగిన సీసాకూ, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకూ చూడటానికి తేడా ఉండదు. లోపలి సత్తువ పోయిందో ఉందో మన కంటికి తెలియదు. బియ్యంలో రాళ్లు ఏరుకోవచ్చు, పాలలో నీళ్లు పసిగట్టవచ్చు. సూదిమందు విషయంలో మాత్రం మనకు బదులు ఇంకొకరు చూడాలి. చట్టం, లైసెన్సు, ఇన్స్పెక్టరు, లేబొరేటరీ అన్నవి అందుకోసం ఏర్పడ్డవే.

ఇన్సులిన్ చరిత్ర మొదటి నెలలోనే ఈ సంగతి తేలిపోయింది. 1922 జనవరి 11న కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి మొదటి సూది వేశారు. మందులో మలినాలు ఉండిపోవడం వల్ల పెద్దగా గుణం కనిపించలేదు, సూది వేసినచోట గడ్డ కట్టింది. కాలిప్ అనే శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేశాక జనవరి 23న మళ్లీ ఇచ్చారు. కుర్రవాడు కోలుకున్నాడు. పన్నెండు రోజుల తేడాలో మందు పేరు మారలేదు, శుద్ధి మారింది. పేటెంటు హక్కును కనిపెట్టినవారు తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. వాళ్ల త్యాగాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది ఏమిటంటే, పేటెంటు చేతిలో ఉండబట్టి, ఎవరు తయారు చేసినా నాణ్యత పరీక్షకు లోబడాలని ఆ విశ్వవిద్యాలయం షరతు పెట్టగలిగింది.

మన దేశంలో ఆ రోజుల్లో అడిగే నాథుడు లేడు. బజారులోని మందుల్లో కల్తీ పెచ్చుమీరిందని గోల పుట్టాక 1930లో కర్నల్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. దాని ఫలితంగా 1940లో మందుల చట్టం, 1945లో నిబంధనలు వచ్చాయి. ఎన్నో సవరణలతో ఇప్పటికీ మనకు దిక్కు ఆ చట్టమే.

ఇక అసలు కథకు వస్తాను. గ్రే మార్కెట్ అనే మాటను నేను సందుబజారు అని చెబుతాను. ఇది పూర్తిగా దొంగబజారు కాదు, అట్లాగని పెద్దబజారూ కాదు. వస్తువు అసలైనదే కావచ్చు, వచ్చిన దారి మాత్రం సరైనది కాదు. లేదా వస్తువుకు అనుమతే ఉండదు, అయినా అమ్మేవాడు బోర్డు మార్చి అమ్ముతాడు. పెప్టైడ్లకు సందుబజారు జిమ్ముల్లోనో సెల్‌ఫోన్లలోనో పుట్టిందని కుర్రవాళ్లు అనుకుంటారు. మన ఊళ్లో అది బర్రెల కొట్టాల్లో పుట్టింది.

మూసీ ఒడ్డున పెరిగే గడ్డి మోపులు, ఆ గడ్డి మేసే బర్రెలు మనలో చాలామందికి గుర్తే. దూడ రెండు గుక్కలు కుడిస్తే తల్లి చేపుతుంది. చేపు అంటే పొదుగులోని పాలు కిందికి దిగడం. దూడ మూతి తగలగానే తల్లి మెదడులోంచి ఆక్సిటోసిన్ విడుదలై పాలు దిగుతాయి. ఊరి బర్రెకు ఆ ఏర్పాటు చాలు. పట్నంలో పాలకోసం పెంచే చోట మగదూడను మేపడం దండగని చూసేవాళ్లున్నారు. దూడ చచ్చిపోతే తల్లి చేపదు. అప్పుడు మొదలైంది ఈ చేపు సూది. పూటకొక పోటు పొడిస్తే పాలు దిగుతాయి. జంతుహింస నిరోధక చట్టం 1960లోని 12వ సెక్షను కింద, పశువు ఆరోగ్యానికి చేటుచేసేలా పాలకోసం ఇట్లా సూదులు వెయ్యడం నేరం. రెండేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. వెయ్యి రూపాయలంటే నేటి రోజుల్లో ఎన్ని లీటర్ల పాలో మీరే లెక్క కట్టుకోండి.

ఆ సూదిమందు కోఠీ మెడికల్ షాపుల్లో దొరికే చిన్న గాజు ఆంపూల్ కాదు. పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ సీసాల్లో, లేబులు లేకుండా, దాణా కొట్లలోనూ పాలకేంద్రాల చుట్టుపక్కలా చేతులు మారే సరుకు. ఎవరు చేశారో, ఎంత మోతాదో, శుద్ధమైన నీళ్లతో చేశారో లేదో దేవుడికెరుక. 2014 జనవరిలో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ముడిసరుకును లైసెన్సున్న తయారీదారులకే అమ్మాలనీ, పశువుల కోసం చేసిన సూదిమందును పశువుల ఆసుపత్రులకే అమ్మాలనీ. ఇది మంచి ఉత్తర్వేనని నా అభిప్రాయం. సరుకు ఏ దారిన జారిపోతున్నదో ఆ దారి మీద కన్ను వేసింది.

ఈ పాలు తాగితే మనకేమవుతుంది అన్న భయం అందరికీ ఉంది. ఆడపిల్లలు త్వరగా ఈడేరుతున్నారని, ఇంకా ఏవేవో అంటారు. ఈ ప్రశ్నకు జవాబు వెదికింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే. అక్కడి శాస్త్రవేత్తలు పాలిచ్చే బర్రెలకు ఆక్సిటోసిన్ సూదులిచ్చి పాలను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. సూది వేసినందువల్ల పాలలో ఆక్సిటోసిన్ పెరగలేదు. పాలలో సహజంగా ఉండేది కూడా పేగుల్లో త్వరగా అరిగిపోతుంది. ఇందాక చెప్పాను కదా, పెప్టైడును మింగితే పొట్ట పప్పులాగే చూస్తుందని. అంటే మన పాలగ్లాసుకు వచ్చిన ప్రమాదం కంటె బర్రెకు వచ్చిన బాధ ఎక్కువ. ఈ మాట చెబితే కొందరికి నచ్చదు. భయం పోవడం కూడా ఒక నష్టంలాగే అనిపిస్తుంది మనకు.

అయినా భయమే గెలిచింది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆక్సిటోసిన్ దిగుమతిని ఆపేసింది. అదే నెల 27న ఇంకో నోటిఫికేషను ఇచ్చి, దేశంలో వాడకానికి ప్రైవేటు కంపెనీలేవీ దీన్ని తయారు చెయ్యకూడదని, బెంగుళూరులోని ప్రభుత్వ సంస్థ కర్ణాటక యాంటీబయాటిక్స్ ఒక్కటే చెయ్యాలని చెప్పింది. మొదట జులై 1 నుంచి అన్నారు, తరువాత సెప్టెంబరు 1 అన్నారు.

ప్రభుత్వరంగ సంస్థకు పని దొరికిందంటే మనబోటివాళ్లకు సంతోషంగానే ఉంటుంది. బాలానగర్ ఐడీపీఎల్ వెలుగు చూసినవాళ్లం, అది ఆరిపోవడమూ చూసినవాళ్లం. కాని ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆక్సిటోసిన్ బర్రెకు పొడిచే సూది మాత్రమే కాదు. మన చాదర్‌ఘాట్ వంతెన దిగి కోఠీ వైపు నడిస్తే సుల్తాన్ బజారు ప్రసూతి ఆసుపత్రి వస్తుంది. మీలో ఎంతమంది పిల్లలు, మనవలు అక్కడ పుట్టారో! కాన్పు కాగానే తల్లికి గర్భసంచి ముడుచుకోవాలి. ముడుచుకోకపోతే రక్తం కుళాయి తిప్పినట్టు పోతుంది. గంటల్లో కాదు, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే బిడ్డ బయటపడగానే ప్రతి తల్లికీ 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలోనూ అది ఉంది. మందుల స్టోరులో పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఇండెంటు పుస్తకంలో ఒక మందు నిల్వ సున్నా అయిందని ఎర్రసిరాతో రాయడం వేరు, ఆ సున్నా ఆక్సిటోసిన్ ఎదురుగా పడటం వేరు. అటువంటి మందును దేశమంతటికీ ఒకే ఫ్యాక్టరీ మీద ఆధారపెడితే, ఆ ఫ్యాక్టరీలో ఒక యంత్రం మొరాయించినా, ఒక లారీ దారిలో నిలిచిపోయినా శిక్ష పడేది ఏ మారుమూల పల్లె బాలింతకో.

మందుల వాడకంపై పనిచేసే స్వచ్ఛంద సంస్థల కూటమి, కొన్ని కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2018 డిసెంబరు 14న జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ చావ్లా ఆ నోటిఫికేషనును కొట్టేశారు. లైసెన్సున్న కంపెనీల నుంచే ఈ మందు పాలకొట్టాలకు పోతున్నదనడానికి తగిన ఆధారం లేదని, ప్రాణాలు కాపాడే మందు కొరతవల్ల తల్లులకు జరిగే హానిని ప్రభుత్వం తూచలేదని ఆ తీర్పు సారాంశం. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లగా, 2019లో ఆ కోర్టు విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించింది.

ఈ కథలో నన్ను బాధించేది ఒకటుంది. దొంగ పోయేది పెరటి గోడ దూకి. తాళం వేసింది వీధి తలుపుకు. పేరులేని ప్లాస్టిక్ సీసా చేసేవాడికి నోటిఫికేషనుతో పనేమిటి? వాడికి నిన్నా లైసెన్సు లేదు, రేపూ ఉండదు. లైసెన్సు తీసుకుని, బ్యాచి నెంబరు వేసి, పన్ను కట్టి, ఇన్స్పెక్టరుకు లెక్క చూపేవాడినే ఆపేశారు. మనం కూడా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లమే. ఫైలు నడిపించడానికి దగ్గరి దారి నిషేధం, దూరపు దారి తనిఖీ. తనిఖీకి మనుషులు కావాలి, జీపు కావాలి, లేబొరేటరీ కావాలి. నిషేధానికి ఒక కాగితం చాలు.

మన చాదర్‌ఘాట్‌కు ఇటువంటి తొందర తీర్పు కొత్త కాదు. కోఠీ మహిళా కళాశాలగా మనం ఎరిగిన భవనంలో బ్రిటిష్ రెసిడెంటు ఉండే రోజుల్లో ఆ ప్రాంతమంతా చాదర్‌ఘాటే. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫాం మీద గొప్ప గురి. అది గుండెకు హాని చెయ్యదు, రోగి శ్వాసను చూసుకుంటే చాలు అనేవాడు. 1888లోనూ 1889లోనూ నిజాం ప్రభుత్వపు డబ్బుతో రెండు కమిషన్లు నడిచాయి. రెండోసారి లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చాడు. ఎన్నో జంతువుల మీద ప్రయోగాలు చేసి లారీ చెప్పిందే నిజమని తేల్చారు. 1911లో లెవీ అనే వైద్యుడు క్లోరోఫాం గుండెను ఉన్నట్టుండి ఆపగలదని చూపించాడు. మందును పరీక్షించడానికి సర్కారు ఖజానా తెరవడం గొప్ప సంగతే. జవాబు ముందే రాసుకుని పరీక్ష మొదలుపెట్టడంతోనే చిక్కు వచ్చింది.

ఇక చిక్కే సూది దగ్గరికి వద్దాం. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడు జూన్‌లో, ఒజెంపిక్ డిసెంబరులో మన దేశపు బజారులోకి అధికారికంగా వచ్చాయి. మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్, మిగతా రెంటిలో సెమాగ్లూటైడ్. సెమాగ్లూటైడ్ మీద పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చితో తీరింది. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌తో సహా దేశీయ కంపెనీలు ముందునుంచే సిద్ధపడ్డాయి. ఇవి మంచి మందులే. మధుమేహానికి, స్థూలకాయానికి డాక్టరు రాస్తే, డాక్టరు కనిపెట్టుకుని ఉంటే ఎంతోమందికి మేలు చేస్తున్నాయి. నేను వాటికి వ్యతిరేకిని కాను.

కాని ఇవి మన బజారుకు రాకముందే సందుబజారులో ఉన్నాయి. ఎట్లాగంటే, అమెరికా నుంచి వచ్చే కొడుకో కూతురో పెట్టెలో తెస్తారు. ఇందులో నేరమేముంది అని మీరు అడగవచ్చు. 1945 నిబంధనల్లో 36వది చదవండి. ప్రయాణికుడు తన సొంత వాడకానికి, తన సామానుతోపాటు, ఒక్కొక్క మందు సగటున 100 మోతాదులకు మించకుండా తెచ్చుకోవచ్చు. తన సొంత వాడకానికి! అమ్మ కోసమనో, పక్కింటి పిన్నిగారి కోసమనో తెస్తే అది ఆ వెసులుబాటు కిందికి రాదు. అట్లా కావాలంటే ముందుగా 12ఎ ఫారంలో దరఖాస్తు పెట్టి పర్మిటు తీసుకోవాలి. చట్టం సంగతి అట్లా ఉంచండి. 20 గంటల ప్రయాణంలో, ఏ ఐసుపెట్టె లేకుండా పెట్టె అడుగున పడివచ్చిన పెప్టైడులో ఎంత సత్తువ మిగిలి ఉంటుందో ఆ పిల్లవాడికీ తెలియదు, అమ్మకూ తెలియదు.

ఇంతకంటె నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. మా బంధువుల కుర్రవాడొకడు జిమ్ములో ఇచ్చారని బొటనవేలంత సీసా తెచ్చి చూపించాడు. లోపల తెల్లటి పొడి. దాని మీద కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె, కింద చిన్న అక్షరాల్లో పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు అని ఉంది. తయారీదారు పేరు లేదు, లైసెన్సు నెంబరు లేదు. కండరం నొప్పి తగ్గుతుందని చెప్పారట. అది బీపీసీ-157 అనే పెప్టైడ్. ఎలుకల మీద ప్రయోగాలు చాలా జరిగాయి. మనుషుల మీద నమ్మదగిన పెద్ద పరీక్షలు లేవు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ 2023లో దాన్ని భద్రత విషయంలో సందేహాలున్న ముడిమందుల వర్గంలో పెట్టింది. మన దేశంలో ఏ కొత్త మందైనా అమ్మాలంటే 2019 నిబంధనల కింద కేంద్ర అనుమతి ఉండాలి. మరి ఇది ఎట్లా అమ్ముతున్నారు? మనుషులు వాడరాదు అని రాసిపెట్టి, మనుషులకు అమ్ముతున్నారు. సిగ్గులేని తెలివి అంటే ఇదే. "లేబులు మీద ఉన్నది నువ్వు చదివావా నాయనా?" అని అడిగితే, "అది చట్టం కోసం రాస్తారు తాతయ్యా" అన్నాడు. వాడికి చట్టమంటే అమ్మేవాడిని కాపాడేదని అర్థమైంది!

నకిలీ అయితే ఏమవుతుందో చెబుతాను. 2023 అక్టోబరులో ఆస్ట్రియా దేశంలో ఒజెంపిక్ అనుకుని నకిలీ సూది వేసుకున్న కొందరు రక్తంలో చక్కెర పడిపోయి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. అందులో ఇన్సులిన్ ఉండి ఉంటుందని అక్కడి అధికారులు ప్రకటించారు. చక్కెరజబ్బు లేనివాడికి ఇన్సులిన్ పొడిస్తే ఏమవుతుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అదే ఏడాది బ్రెజిల్, బ్రిటన్, అమెరికా దేశాల్లో దొరికిన నకిలీ బ్యాచిల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో అన్ని దేశాలనూ హెచ్చరించింది. దూరదేశాల మాట అనుకోవద్దు. 2024 మార్చిలో మన తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు మెగ్ లైఫ్‌సైన్సెస్ అనే పేరుతో అమ్ముతున్న యాంటీబయాటిక్ మాత్రలు పట్టుకున్నారు. హిమాచల్ ప్రదేశ్ చిరునామా ఉంది, అక్కడ ఆ కంపెనీయే లేదు. మాత్రల్లో ఉన్నది సుద్దపొడి, గంజిపిండి. చవక మాత్రలోనే అంత లాభం చూసుకున్నవాడు వేల రూపాయల సూదిని వదులుతాడా?

మరి మనం చెయ్యగలిగింది ఏమిటి? పింఛనుదారుకు బిల్లు విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. బిల్లు లేనిదే రీయింబర్సుమెంటు రాదు. అయితే బిల్లు ఆ పనికే అనుకోవద్దు. అందులో బ్యాచి నెంబరు ఉండాలి. సీసా మీది నెంబరుతో సరిపోవాలి. రేపు ఏదైనా తేడా వస్తే ఏ షాపు, ఏ హోల్‌సేలరు, ఏ ఫ్యాక్టరీ అని వెనక్కి వెళ్లడానికి అదొక్కటే దారం. డిస్కౌంటు ఇస్తాను, బిల్లు వద్దులే అన్న షాపువాడు మీకు పది రూపాయలు ఇచ్చి ఆ దారం తెంపుతున్నాడు. షాపు గోడకు ఫ్రేము కట్టిన లైసెన్సులు చూడండి. ఇన్సులిన్ వంటివి అమ్మడానికి 21వ నెంబరు ఫారం లైసెన్సు ఉండాలి. ఆ షాపు ఫ్రిజ్ తిరుగుతున్నదా, అందులో మందులున్నాయా, కూల్‌డ్రింకులున్నాయా అని ఓ చూపు వెయ్యడం తప్పు కాదు. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడు ఉండాలన్నారు. మనవడి చేత సెల్‌ఫోనుతో చదివించండి, తయారీదారు, బ్యాచి, గడువు తేదీ కనిపిస్తాయి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగించినా పనికిరాదు.

చివరగా ఒక సెక్షను గురించి చెప్పి విరమిస్తాను, ఎందుకంటే ఇది మన మందుల షాపుల్లో ఎక్కడా బోర్డు కట్టి ఉండదు. 1940 చట్టంలోని 26వ సెక్షను. మీరు కొన్న మందు మీద అనుమానం వస్తే, నిర్ణీత ఫారంలో దరఖాస్తు, నిర్ణీత రుసుము ఇచ్చి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు, సంతకం చేసిన నివేదిక పొందే హక్కు మీకుంది. ఇన్స్పెక్టరుకే ఉన్న హక్కు కాదు, కొన్న ప్రతి మనిషికీ ఉంది. మన శాఖకు సంబంధించిన కార్యాలయం వెంగళరావు నగర్‌లో ఉంది. ఫిర్యాదుకు ఖర్చులేని ఫోన్ నెంబరు 1800-599-6969, పనిదినాల్లో ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు. కార్యాలయం దాకా వెళ్లే ఓపిక లేనివారు సీసా, బిల్లు రెండూ తీసుకుని నా దగ్గరకు రండి. దరఖాస్తు నేను రాసిపెడతాను. సీసాను మాత్రం చల్లగా తీసుకురండి, పెట్టెలో వేసి కాదు.